నాలుగు వలయాలు

నా పని మడమలు పొడవడం.
పొతోసి ఆసుపత్రి, రెండో అంతస్తు.
కిటికీ అవతల ఎర్ర కొండ,
కొండ లోపల ఇంకా మనుషులు.

పుట్టిన మూడో రోజు ప్రతి బిడ్డనీ
నాలుగు చుక్కల రక్తం అడుగుతాను.
అట్టముక్క మీద నాలుగు వలయాలు,
ఒక్కోటీ నిండాలి, అంచు దాటకూడదు.
పద్దెనిమిదేళ్ళుగా అడుగుతున్నాను.
అడగడం అంటున్నాను గానీ
ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను.

పని నేర్పిన దోన్యా ఎదెల్మీరా అనేది:
"వీళ్ళకి నొప్పి తెలీదే పిల్లా,
తెలిసినా గుర్తుండదు. త్వరగా కానీ."
నిజమే, ఏ బిడ్డా తిరిగొచ్చి నన్ను నిలదీయలేదు.
గుర్తుండిపోయింది నాకు.
రాత్రి ఇంట్లో బంగాళాదుంపల తొక్క తీస్తుంటే
వేళ్ళ మధ్య ఒక కాలు తన్నుకునేది.

తర్వాతెప్పుడో గోడకి బొమ్మలంటించారు:
సూదికి రెండు నిమిషాల ముందు చక్కెర నీళ్ళు,
లేదా అమ్మ రొమ్ము, అమ్మ ఒంటి వెచ్చదనం.
అమ్మ లేకపోతే ఎవరివో రెండు చేతులు.
నవ్వొచ్చింది నాకు.
ఇంత చిన్న సంగతికా ఇంత పెద్ద కాగితం!

ఈరోజు తొట్టెలో కొల్కె వాళ్ళ పిల్ల,
రెండు కిలోల వంద, పేరింకా పెట్టలేదు.
తల్లి కుట్లతో, జ్వరంతో పక్క వార్డులో.
తండ్రి వచ్చాడు, సెవెరో, గనిలోంచి నేరుగా.
ముఖం కడిగాడు, అయినా రెప్పల అంచున ధూళి
కాటుక దిద్దినట్టుంది.

"మీ చేతులు కావాలి" అన్నాను.
వెనక్కి దాచుకున్నాడు.
"ఇవి రాయి పగలగొట్టే చేతులు, సెన్యోరా."
చూశాను. పగుళ్ళు. ఒక వేలికి గోరు లేదు.
సబ్బిచ్చాను. మోచేతుల దాకా కడిగాడు
మూడుసార్లు, ఎవరో తనిఖీకి వస్తారన్నట్టు.
వేడినీళ్ళ సీసా పట్టుకుని వెచ్చబెట్టుకున్నాడు.

ఒక చెయ్యి తల మీద, టోపీలా.
నిమరొద్దు, ఊపొద్దు, ఊరికే ఉంచండి.
రెండోది మోకాళ్ళని పొట్టకి చేర్చి,
ఒక్క కాలు నాకు వదిలేసి,
మొన్నటిదాకా లోపల ఎలా ఉందో అలా.

"ఎంత గట్టిగా?"
ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.
కాసేపు ఆలోచించి చెప్పాను:
గనిలో మందుగుండు ఎలా మోస్తారు? అంత.
అర్థమైందన్నట్టు తలూపాడు.

చక్కెర నీళ్ళు నాలిక కొసకి.
చప్పరించింది, ఇంకా అన్నట్టు నోరు తెరిచింది.
అడగందే అమ్మయినా పెట్టదంటారే,
అడగడమింకా రాని దానికి
ఎవరు పెట్టాలో ఆ సామెత చెప్పలేదు.
రెండు నిమిషాలు. గోడ గడియారం.
వెనకటికి ఈపాటికి ఇద్దరి పని ముగించేదాన్ని.

పొడిచాను.
నుదురు ముడిపడింది. ఒక అరుపు,
మధ్యలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది.
తండ్రి కళ్ళు మూసుకునే ఉన్నాడు,
పెదాలు కెచువాలో ఏవో లెక్కపెడుతున్నాయి.

ఒకటి నిండింది. రెండు. మూడు.
నాలుగోది సగంలో ఆగింది.
ఈ ఎత్తులో రక్తం చిక్కన, మా ఊళ్ళో మామూలే.
ఇంకోసారి పొడవాలి.
చెప్పడానికి నోరు రాలేదు, ఇన్నేళ్ళలో మొదటిసారి.
అతను కళ్ళు తెరిచి
సగం ఎర్రబడ్డ సున్నాని చూశాడు.
"కానివ్వండి. నేను కదలను."

మళ్ళీ చక్కెర. మళ్ళీ ఆ రెండు నిమిషాలు.
ఈసారి ఏడ్చింది. ఏడవక ఏం చేస్తుంది?
నొప్పి నొప్పే, చేతులేం మంత్రం కాదు.
కానీ ఆ ఏడుపుకి ఒక ఒడ్డుంది,
దాన్ని తాకి వెనక్కి తగ్గింది.

దూది అదిమి, అట్ట ఆరబెట్టి,
"అయిపోయింది, ఇక చేతులు తీయొచ్చు" అన్నాను.
తీయలేదు.
షిఫ్టు నాలుగింటికన్నాడు ఇందాక.
ఇప్పుడు నాలుగున్నర.

పక్క తొట్టెలో ఇంకో మడమ.
వాడి కోసం ఎవరూ రాలేదు.
కుళాయి తిప్పి
నా చేతులు వేడినీళ్ళ కింద పెట్టాను.
సూది ఎవరు పట్టుకుంటారో
తర్వాత చూద్దాం.